దానం చేసే ముందు: ఎవరికి, ఎంత, ఎలా తేల్చుకోవాలి

తిరుపతిలో ఉంటున్నవాళ్లని దానం అడిగేవాళ్లకు కొదవ లేదు. అలిపిరి దగ్గర చాచిన చేతులు, రుయా ఆసుపత్రి గేటు ముందు మందుల చీటీ పట్టుకుని నిలబడ్డవాళ్లు, వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్‌తో వచ్చే పసిబిడ్డ ఫొటో, చవితి పందిరి చందా, పుట్టినరోజుకు అనాథాశ్రమంలో భోజనాలు పెట్టమని ఫోన్లు. చిత్తూరైనా, శ్రీకాళహస్తైనా ఇంచుమించు ఇదే వరస. "ఇందులో ఎవరికిస్తే నా డబ్బు నిజంగా పనికొస్తుంది?" అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు కాబట్టి ఈ పద్ధతి రాస్తున్నాం. ఏడాదికి ఐదువేల నుంచి లక్ష రూపాయల దాకా ఇచ్చే ఇళ్లకు ఇది సరిపోతుంది.

ముందే ఒక మాట. మనలో చాలామంది ఇచ్చేది జాలితోనో మొహమాటంతోనో. రెండూ తప్పు కాదు. కానీ అవి రెండూ మన జేబు తెరిపిస్తాయే తప్ప, డబ్బు ఎక్కడికి పోవాలో చెప్పవు. ఆ సంగతి ఎవరూ అడగని రోజున, ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

కావలసినవి

- గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే లేదా గూగుల్ పే హిస్టరీ
- ఒక నోటుబుక్కు, కాలిక్యులేటర్
- మీ పాన్ నంబరు (పన్ను మినహాయింపు కావాలంటేనే)
- రెండు సాయంత్రాలు, తర్వాత ఒక పూట బయటికి వెళ్లే వీలు
- ఇంట్లో డబ్బు వ్యవహారం చూసే ఇంకో మనిషి. ఒక్కరే కూర్చుంటే మనకు నచ్చిన సంస్థకే మార్కులు వేసుకుంటాం.

1. పోయినేడు ఇచ్చింది రాయండి

మూడు వరుసలు గీయండి: ఎవరికి, ఎంత, ఎందుకిచ్చాం. మూడో వరుస ముఖ్యం. "బావగారు అడిగారు", "ఫొటో చూసి", "మొక్కు", "ఆఫీసులో అందరూ వేశారు" అని ఉన్నదున్నట్టు రాయండి. హుండీలో వేసింది, చిల్లరగా పోయింది అంచనాగా కలపండి.

ఇక్కడ తిరుపతివాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. టీటీడీవారి శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇస్తే, దానికి తోడు 500 రూపాయల టికెట్‌తో బ్రేక్ దర్శనం దొరుకుతుంది. ఆ డబ్బు ఆలయాల నిర్మాణానికి పోతుంది, అందులో ఆక్షేపణ ఏమీ లేదు. కానీ మీరు వెళ్లింది దర్శనం కోసమైతే దాన్ని దర్శనం ఖర్చులో రాసుకోండి. "ఈ ఏడు పదివేలు దానం చేశాం కదా" అని మిగతావాటికి చేయి ముడుచుకోవడం లెక్క తప్పడమే.

2. మొత్తం అనుకుని, రెండుగా విడదీయండి

వెంకన్న ముడుపు ఎలా కడతాం? అనుకున్న రోజే పసుపుగుడ్డలో కట్టి పక్కన పెడతాం. కొండకు బయల్దేరే రోజు పర్సు వెతుక్కోం. దానం డబ్బూ అలాగే ఉండాలి: జీతం పడిన వారంలోపే వేరే ఖాతాలోకి మళ్లించండి. ఎంత అన్నది మీ ఇష్టం. మొదటిసారైతే నెల జీతంలో నూటికి ఒక రూపాయితో మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత పెంచుకోవచ్చు. అప్పులమీద వడ్డీ కడుతున్నవాళ్లు, ఇంట్లో ఆరోగ్య బీమా లేనివాళ్లు ముందు ఆ రెండూ చూసుకోండి.

ఈ మొత్తాన్ని రెండు భాగాలు చేయండి.

మొదటిది మనసు భాగం, నాలుగోవంతు చాలు. గుడి ముందు ముసలమ్మకు, చవితి చందాకు, పనిమనిషి కూతురి ఫీజుకు ఇందులోంచి ఇవ్వండి. దీనికి లెక్కలడగొద్దు, మిమ్మల్ని మీరు నిలదీసుకోవద్దు. అయిపోతే "ఈ నెలకు అయిపోయిందండీ" అనడానికి మాట దొరుకుతుంది. మొహమాటానికి ఇంతకన్నా మంచి మందు లేదు.

రెండోది ఫలితం భాగం, మిగతా ముప్పావు. కింది మెట్లన్నీ దీనికోసమే.

హెచ్చరిక: చిన్నపిల్లలు అడుక్కుంటుంటే మనసు భాగంలోంచి కూడా డబ్బు ఇవ్వకండి. పిల్లలచేత అడుక్కునే పని చేయించడం నేరం. ఆ రూపాయి చాలాసార్లు వెనకున్న పెద్దవాళ్లకు చేరుతుంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

3. ఒక సమస్య ఎంచుకోండి

ఐదు సంస్థలకు తలా రెండువేలు ఇస్తే మనకు ఐదుసార్లు తృప్తి. వాళ్లకు మాత్రం ఐదు రసీదుల పని, ఐదు ఫోన్ల పని. లక్షలోపు ఇచ్చేవాళ్లకు ఒకటి, మించితే రెండు సమస్యలు చాలు.

ఇక్కడ మనసు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో తెలుసుకోవాలి. 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, పాల్గొన్నవాళ్లకు తలా ఐదు డాలర్లు ఇచ్చి దానం అడిగారు. ఆఫ్రికాలోని మాలికి చెందిన రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చదివినవాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షలమంది ఆకలి గణాంకాలు చదివినవాళ్లు 1.14 ఇచ్చారు. పాప కథ, గణాంకాలు రెండూ చూపిస్తే 1.43కు దిగింది. అంటే లెక్క కనిపించగానే జాలి తగ్గింది. ఇంకో అధ్యయనంలో నూనె గుంటల్లో పడి చచ్చే వలస పక్షులను కాపాడేందుకు ఎంతిస్తారని అడిగితే, 2,000 పక్షులకు 80 డాలర్లు, 20,000కు 78, రెండు లక్షలకు 88 అన్నారు. వందరెట్లు పెరిగిన పక్షులు మనసుకు ఆనలేదు.

కాబట్టి సమస్య ఎంచుకునేటప్పుడు ఫొటోలు పక్కన పెట్టి ఈ మూడు రాసుకోండి.

- ఎంతమందికి ఉంది, ఎంత లోతుగా ఉంది?
- నేనిచ్చే డబ్బు లేకపోతే ఈ పని ఆగుతుందా? ప్రభుత్వమో, టీటీడీయో, ఇంకెవరో ఇప్పటికే చేస్తున్నారా?
- తగ్గించే పద్ధతి తెలుసా, ఎక్కడైనా పరీక్షించి చూశారా?

రెండో ప్రశ్న మన ఊళ్లో మరీ ముఖ్యం. కొండమీద నిత్యాన్నదానం 1985 నుంచి నడుస్తోంది. దానికోసం ప్రత్యేక ట్రస్టే ఉంది. పట్నంలో ఐదు రూపాయల అన్న క్యాంటీన్లున్నాయి. అలాంటిచోట మరో పులిహోర పొట్లం తెచ్చే మార్పు తక్కువ. అదే డబ్బు కంటి శుక్లం ఆపరేషన్‌కు పోతే ఒక మనిషి మళ్లీ తన పని తాను చేసుకుంటాడు. శుక్లం తీసి లెన్సు వేయడం చిన్న ఆపరేషన్, ఫలితం కొద్దిరోజుల్లోనే తెలుస్తుంది. దూరపు పల్లెల నుంచి ముసలివాళ్లు ఆసుపత్రిదాకా రావడమే అడ్డంకి కాబట్టి, క్యాంపు పెట్టి బస్సులో తీసుకొచ్చి దించే ఖర్చుకు దాతల అవసరం ఉంటుంది.

టీటీడీకే ఇవ్వాలనుకునేవాళ్లు "స్వామికి" అని ఊరుకోకుండా ఏ ట్రస్టుకో తేల్చుకోండి. పేదల గుండె, కిడ్నీ, క్యాన్సర్ లాంటి ప్రాణాంతక జబ్బుల వైద్యానికి ప్రాణదాన ట్రస్టు, ఎముకలు, కీళ్ల చికిత్సకు బర్డ్ ట్రస్టు, భోజనాలకు అన్నప్రసాదం ట్రస్టు, చదువుకు విద్యాదాన ట్రస్టు వేర్వేరుగా ఉన్నాయి. డబ్బు కట్టే వెబ్‌సైట్ చిరునామా చివర "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూడండి. దేవస్థానం పేరుతో నకిలీ సైట్లు పుడుతూనే ఉంటాయి.

4. కాగితాలు చూడండి

సమస్య తేలాక మూడు సంస్థల పేర్లు రాసుకుని ఒక్కొక్కదానికీ కింది తనిఖీ చేయండి. ఒక్కోదానికి పావుగంట చాలు.

పాన్ నాలుగో అక్షరం. సంస్థ పాన్ నంబరు అడగండి, దాచాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఇంగ్లీషులో రాసిన ఆ నంబరులో నాలుగో అక్షరం టీ అయితే ట్రస్టు, ఏ అయితే సొసైటీ లాంటి సంఘం, సీ అయితే కంపెనీ. పీ అయితే అది ఒక వ్యక్తి సొంత పాన్. అక్కడితో ఆపేయండి.

80జీ నంబరు, అంటే దాతకు పన్ను మినహాయింపు ఇప్పించే రిజిస్ట్రేషన్. 2021 తర్వాత ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్లలో మొదటి పది అక్షరాలూ ఆ సంస్థ పానే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అతికించిన కాగితం బయటపడుతుంది. సర్టిఫికెట్‌లో ఏ సంవత్సరం దాకా చెల్లుతుందో కూడా చూడండి. కొత్త సంస్థలకు మొదట ఇచ్చేది తాత్కాలిక రిజిస్ట్రేషనే.

ఖాతా పేరు. యూపీఐ స్కాన్ చేయగానే తెరమీద కనిపించే పేరు సంస్థదే అయ్యుండాలి. "మా సెక్రటరీగారి నంబరండీ, అందులోకే వేయండి" అంటే వద్దు.

ఆడిట్ చేసిన లెక్కలు. గత రెండేళ్ల ఆదాయ వ్యయ పట్టిక అడగండి. అందులో మూడు అంకెలు చూస్తే చాలు: మొత్తం వచ్చింది, మొత్తం ఖర్చయింది, డిపాజిట్లలో ఉన్నది. మూడేళ్ల ఖర్చుకు సరిపడా డిపాజిట్లున్న సంస్థకు మీ పదివేలతో తొందర లేదు.

స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరుందా అనీ చూడొచ్చు. కానీ దర్పణ్ నంబరు, సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరు మంచితనానికి ముద్రలు కావు. ఆ పేరుతో ఒక సంస్థ ఉందని మాత్రమే చెబుతాయి. కరపత్రం మీద "ప్రభుత్వ గుర్తింపు పొందిన" అని పెద్దక్షరాలతో వేసుకునేది చాలాసార్లు ఈ నంబరు చూపించే.

పిల్లల ఆశ్రమాలకు అదనంగా ఇంకోటి: 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా నడిపితే శిక్ష ఉంది. పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో వచ్చారా అని కూడా అడగండి. సరైన ఆశ్రమం ఈ ప్రశ్నకు చిరాకుపడదు.

5. ఫలితానికి ఎంతవుతోందో లెక్క కట్టండి

ఎక్కువమంది ఇక్కడే అడ్డదారి పడతారు. "ఆఫీసు ఖర్చు నూటికి ఎంత?" అని ఒక్క ప్రశ్న అడిగి, తక్కువ చెప్పినవాళ్లకు ఇచ్చేస్తారు. మన డబ్బు జీతాలకు పోతుందంటే మనసొప్పదు, అది మనిషి సహజం. కానీ ఆఫీసు ఖర్చు తక్కువ కావడానికి, పని బాగా జరగడానికి సంబంధం లేదు. లెక్కలు రాసే మనిషిని పెట్టుకోని సంస్థకు ఆ ఖర్చు సున్నానే, లెక్కలూ సున్నానే. 2013లో అమెరికాలో సేవాసంస్థలను మదింపు చేసే మూడు పేరున్న వేదికలే, ఆ శాతంతో సంస్థలను కొలవొద్దని దాతలకు బహిరంగ లేఖ రాశాయి.

దానికి బదులు ఇలా చేయండి. పీలేరు వైపు రెండు సాయంత్రం బడులున్నాయనుకుందాం (ఇవి ఊహించిన అంకెలు).

మొదటిది: ఏడాది ఖర్చు 4,80,000. చేరిన పిల్లలు 80 మంది. తలకు 6,000.
రెండోది: ఏడాది ఖర్చు 3,60,000. చేరిన పిల్లలు 40 మంది. తలకు 9,000.

మొదటిదే చవకలా ఉంది కదా? ఇప్పుడు ఇంకో ప్రశ్న అడగండి: "చేరేనాటికి చదవడం రానివాళ్లు ఎందరు, ఇప్పుడు వచ్చినవాళ్లు ఎందరు?" మొదటి బడిలో చదవడం రానివాళ్లు 20 మందే, వాళ్లలో 8 మందికి వచ్చింది. రెండో బడిలో 40 మందికీ రాదు, 24 మందికి వచ్చింది. మార్పు వచ్చిన ఒక్కో బిడ్డకు మొదటిచోట 60,000, రెండోచోట 15,000. చవకనుకున్నది నాలుగురెట్లు ఖరీదు.

ఈ అంకెలోనూ ఒక లొసుగుంది. సాయంత్రం బడి లేకపోయినా ఏడాదిలో కొందరికి మామూలు బడిలోనే చదువు వచ్చేది. "పక్క ఊళ్లో, మీరు పని చేయనిచోట ఎలా ఉంది?" అని అడగండి. సమాధానం చెప్పగలిగిన సంస్థ అరుదు. చెబితే దాన్ని వదలకండి. చదువు విషయంలో పిల్లల్ని వయసుతో కాక, వచ్చినంత స్థాయినిబట్టి గుంపులు చేసి చెప్పే పద్ధతిని ప్రథమ్ సంస్థ మన దేశంలోనే మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందాలు దాన్ని పోలిక ప్రయోగాలతో పరీక్షించాయి. 2019 నోబెల్ వాళ్లకు ఇలాంటి పనికే వచ్చింది. మీరు చూస్తున్న సంస్థ ఏ పద్ధతి వాడుతోందో అడగడానికి ఇది మంచి ఆధారం.

ఫోన్‌లో అడగాల్సినవి, ఇదే వరుసలో:

1. పోయిన ఏడాది ఏం సాధించాలనుకున్నారు, ఎంత సాధించారు?
2. ఏది కుదరలేదు?
3. నేను 20,000 ఇస్తే ఇప్పుడు జరగనిది ఏం జరుగుతుంది?
4. ఫలితాన్ని ఎవరు కొలుస్తారు, ఎప్పుడు?

రెండో ప్రశ్నకు "అంతా బాగానే జరిగిందండీ" అన్నవాళ్ల పక్కన నోటుబుక్కులో ప్రశ్నార్థకం పెట్టండి. మూడోదానికి "ఎంతిచ్చినా పర్లేదండీ, మీ దయ" అన్నవాళ్లకు కూడా.

6. ఒకసారి వెళ్లి చూడండి

ముందు చెప్పి వెళ్లండి. పిల్లలు, ఆడవాళ్లు ఉండే చోటికి చెప్పకుండా దూరడం పద్ధతి కాదు. అయితే పుట్టినరోజున, కేకుతో మాత్రం వెళ్లొద్దు. ఆ రోజు చూసేది మీకోసం సర్దినదే. మామూలు మంగళవారం మధ్యాహ్నం మేలు.

ఏం చూడాలంటే: హాజరు పట్టీలో ఉన్న సంఖ్య, ఎదురుగా ఉన్న తలల సంఖ్య. వంటగదిలో స్టాకు రిజిస్టరు, చివరి పద్దు తేదీ. మరుగుదొడ్లు. బడి అయితే రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా ఇచ్చి, టీచరు ఎంచిన పిల్లవాడిచేత కాకుండా వరుసలో మూడోవాడిచేత చదివించండి. అసర్ సర్వేలో పల్లె పిల్లల చదువు కొలిచేదీ ఇలాగే: అక్షరం, పదం, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. నాలుగు మెట్లు, పెద్ద శిక్షణ అక్కర్లేదు.

పిల్లల ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం చట్టరీత్యా నేరం.

భోజనాల సంగతి. చాలా ఆశ్రమాలకు ఆదివారాలు, పండుగలు, మంచి ముహూర్తాలు నెలల ముందే బుక్ అయిపోతాయి. బిర్యానీ పెట్టేవాళ్లు బోలెడుమంది. కరెంటు బిల్లు, ట్యూషన్ టీచరు జీతం, ఆడపిల్లల శానిటరీ ప్యాడ్లు, పళ్ల డాక్టరు ఫీజు, వీటికి ఎవరూ ముందుకు రారు. ఫొటోకు పనికిరావు కదా! వార్డెన్‌ని పక్కకు పిలిచి "ఈ నెల దేనికి తడుముకుంటున్నారు?" అని అడిగి, అది కట్టండి.

7. మొదట కొద్దిగా ఇవ్వండి

అనుకున్నదాంట్లో అయిదోవంతు పంపి చూడండి. రసీదు వారంలో వస్తుందా, దానిమీద పాన్, 80జీ నంబర్లున్నాయా, ఫోన్ ఎత్తుతున్నారా గమనించండి. మిగతాది మూడు నెలల తర్వాత. "ఫలానా పిల్లాడికే" అని షరతు పెట్టకండి. ఆ పని బాగా చేస్తున్నారని నమ్మకం కుదిరితే సంస్థ అవసరానికి వదిలేయండి.

పన్ను గురించి, అపోహలు ఎక్కువ కాబట్టి:

- 2,000 దాటిన నగదు దానానికి మినహాయింపు లేదు. చెక్కు, యూపీఐ, బ్యాంకు బదిలీ వాడండి.
- బియ్యం, దుప్పట్లు, పాత బట్టలకు మినహాయింపు రాదు.
- కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జీ వర్తించదు. పాత విధానం ఎంచుకుంటేనే.
- మామూలు సంస్థకు 10,000 ఇస్తే ఆదాయంలోంచి తగ్గేది 5,000. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే మిగిలేది సుమారు వెయ్యి. "మొత్తం వెనక్కొస్తుంది సార్" అన్నవాడిని నమ్మొద్దు.
- సంస్థ ఆదాయపు పన్ను శాఖకు వివరాలు పంపి, మీకు 10బీఈ అనే సర్టిఫికెట్ మే 31 లోపు ఇవ్వాలి. మామూలు రసీదు చాలదు. అది రాకపోతే జూన్ మొదటి వారంలోనే అడగండి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి సెక్షన్ల నంబర్లు వేరుగా ఉంటాయి. రిటర్ను వేసేముందు మీ ఆడిటరుతో ఒకమాట సరిచూసుకోండి.

వాట్సాప్‌లో వైద్యం విన్నపం వస్తే

ఫార్వర్డ్ చేయకముందే: ఆసుపత్రి పేరు, రోగి ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, ఖర్చు అంచనా పత్రం అడగండి. ఆసుపత్రి బోర్డు నంబరుకు మీరే ఫోన్ చేయండి, మెసేజ్‌లో ఉన్న నంబరుకు కాదు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఆ చికిత్స వస్తుందా అని ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ కేంద్రంలో గానీ, 104కు ఫోన్ చేసి గానీ కనుక్కోమనండి. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టారా? ఈ రెండు దారులూ తెలియకే చాలా కుటుంబాలు అప్పులు చేస్తాయి. దారి చూపడం కూడా మీ రెండువేలకు తక్కువేం కాదు. ఇవ్వాలనుకుంటే ఆసుపత్రి ఖాతాకే కట్టండి. మోసం అని తేలితే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే డబ్బు ఆపే అవకాశం ఎక్కువ.

మాల్ ముందు, ఫోన్‌లో అడిగేవాళ్లు

ట్యాబ్ పట్టుకుని నెలనెలా ఆటో డెబిట్ పెట్టమంటారు. సంస్థ మంచిదే కావచ్చు, నిలబడి తేల్చే విషయం మాత్రం కాదు. పేరు రాసుకుని ఇంటికొచ్చి నాలుగో మెట్టు చూడండి. ఇప్పటికే పెట్టేసినవాళ్లు యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి ఆపొచ్చు. బ్యాంకు మాండేట్ అయితే బ్రాంచిలో లేదా నెట్ బ్యాంకింగ్‌లో రద్దు చేయొచ్చు. సంస్థ ఒప్పుకోవాల్సిన పని లేదు.

ఆరు నెలలకు సరిచూడండి

నోటుబుక్కు తీసి ఫోన్‌లో అడిగిన నాలుగు ప్రశ్నలూ మళ్లీ అడగండి. అంకెలు మెరుగైతే కొనసాగించండి. తగ్గితే కారణం వినండి. 2021 నవంబరులాంటి వరదలొస్తే ఎవరి అంకెలైనా తలకిందులవుతాయి. కారణం కూడా చెప్పకపోతే ఇంకో సంస్థ చూసుకోండి. వాళ్ల ప్రెసిడెంటు మీకు దూరపు చుట్టమైనా సరే.

డబ్బు వీలుకానివాళ్లకు

రుయా, స్విమ్స్ ఆసుపత్రుల బ్లడ్ బ్యాంకుల్లో రక్తం ఇవ్వొచ్చు. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. వేసవిలో కాలేజీలు మూసేస్తే క్యాంపులు తగ్గుతాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఎక్కువ ఉపయోగం. ఉపవాసం ఉన్న శనివారం మాత్రం వద్దు, కడుపునిండా తిని వెళ్లండి.